తీగలకూ ఈడూజోడూ

50కీ 75కీ తేడా ఎంత అని ఎవరినడిగినా పాతిక అంటారు. రూపాయలైతే అంతే. ఇంట్లోకి టీవీ బొమ్మను మోసుకువచ్చే నల్లతీగ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ అంకెలు కాపరాలనే కలతపెట్టగలవు. మా దాచేపల్లిలో ఒక వీధి వీధంతా రెండు నెలలపాటు ఒక ఆడమనిషిని దొంగ అన్నదంటే దానికి కారణం ఇటువంటి అంకెలే. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను గాని, అంకెలేమిటో ముందు చెప్పకపోతే కథ బోధపడదు. లెక్కలంటే గిట్టనివారు పేజీ తిప్పేయకండి. ఇంట్లో ఒక్క పెళ్ళి సంబంధమైనా కుదిర్చిన వారికెవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది.

మీ పెరట్లో బావి ఉంటే చేంతాడు తీసుకోండి. దాని కొసకు ఒక సన్నని పురికొస ముడివేసి, పురికొస రెండో చివరను గుంజకు కట్టండి. ఇప్పుడు చేంతాటిని ఒక్క విదిలింపు విదల్చండి. గూను ఒకటి లేచి పాములాగా పరుగెత్తుతుంది. ముడి దగ్గరకు పోయేసరికి అందులో కొంత పురికొసలోకి దూకుతుంది. కొంత వెనక్కు తిరిగి మీ చేతికే వచ్చి తగులుతుంది. చేంతాటిలో తప్పు లేదు, పురికొసలో తప్పు లేదు. ఒకటి బరువు, ఒకటి తేలిక, అంతే. ముడి గట్టిగా వేస్తే సరిపోతుందనుకుంటారేమో, ఎంత బిగించినా తిరిగివచ్చే గూను తిరిగివస్తూనే ఉంటుంది.

తీగలో పోయే రేడియో తరంగానిదీ ఇదే వరస. ప్రతి తీగకూ పుట్టుకతో ఒక గుణం ఉంటుంది. దాన్ని ఇంపెడెన్సు అంటారు, ఓములలో కొలుస్తారు. 75 ఓముల తీగ అంటే మీటరు పెట్టి చూస్తే 75 కనపడుతుందని కాదు. లోపలి రాగితీగ లావెంత, దాని చుట్టూ తెల్లగా ఉండే పదార్థమేమిటి, ఆ పైన అల్లిన తీగల వల ఎంత ఎడంగా ఉన్నది, ఈ మూడూ కలిసి ఆ అంకెను నిర్ణయిస్తవి. జానెడు ముక్కకైనా మైలు పొడుగు తీగకైనా అంకె ఒకటే. ఆ మాట పెట్టినవాడు ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ అనే మహానుభావుడు. 16 ఏళ్ళకే బడి మానేసి తంతి ఆఫీసులో పనిచేశాడు, చెవులు సరిగా వినపడవు, కాలేజీ గుమ్మం ఎక్కినవాడు కాడు. ఒక తీగను నడిమిన పెట్టి రెండో దాన్ని గొట్టంలాగా దాని చుట్టూ తొడిగే పద్ధతికి 1880లో పేటెంటు తీసుకున్నాడు. ఇంపెడెన్సు అన్న మాటను 1886లో వాడుకలోకి తెచ్చాడు. మన ఇళ్ళల్లో మేకులకు వేలాడుతున్న నల్లతీగ ఆయన సొత్తే.

మరి ఈ 50 ఏమిటి, 75 ఏమిటి, అన్నీ ఒకటే చేసి పారేయవచ్చు గదా అంటారు. నేనూ అనుకున్నాను. లోపల గాలి మాత్రమే ఉన్న గొట్టపు తీగలో సంకేతం అతి తక్కువ అరిగేది 77 ఓముల దగ్గర. ఎక్కువ శక్తిని తట్టుకునేది 30 ఓముల దగ్గర. పంపించేవాళ్ళకు శక్తీ కావాలి, పొదుపూ కావాలి కనుక వాళ్ళు నడిమధ్యన 50 దగ్గర స్థిరపడ్డారు. పోలీసు వైర్లెస్సూ, హామ్ రేడియోవాళ్ళూ అంతా ఆ శాఖ. అందుకుని చూసేవాళ్ళం మనం 75 శాఖ. ఇంటిమీది యాంటెన్నాలో కడ్డీని మధ్యకు తెగ్గోసి అక్కడ తీగ కలిపితే దాదాపు 73 ఓములు. అదే కడ్డీని పొడుగాటి ఉంగరంలాగా మడిచి కలిపితే నాలుగింతలై 300కు చేరువవుతుంది. అంటే మూడు శాఖలు. శాఖాంతరం చేసుకోవచ్చు గాని, మధ్యవర్తి కావాలి.

ఇక రామాయణం. 1987 జనవరి 25 ఆదివారం నాడు అది దూరదర్శనులో మొదలైనప్పుడు మా వీధికంతటికీ ఉన్నది ఒక్కటే టీవీ, అది మా పెదనాన్నగారి ఇంట్లో ఉండేది. స్టేషను దూరం కనుక యాంటెన్నా ఎదురింటి మేడమీద, దానిపైన ఇంకో గొట్టం నిలబెట్టి కట్టారు. దాని కడ్డీ మడత కడ్డీ, 300. టీవీ వెనక రెండు మరలు, అదీ 300. మధ్యన చదునుగా ఉండే రిబ్బను వైరు, అదీ 300. ముగ్గురూ ఒకే శాఖ, బొమ్మ అద్దంలాగా ఉండేది. ఎండకూ వానకూ ఆ రిబ్బను చిట్లిపోయింది. బజారులో కొత్తగా గుండ్రటి వైరు వచ్చిందిట, గట్టిదిట అని దాన్ని తెచ్చి, లోపలి తీగను ఒక మరకూ పైవలను రెండో మరకూ బిగించేశారు. పైన యాంటెన్నా దగ్గరా అంతే చేశారు.

75 వెళ్ళి 300ను ఢీకొంటే శక్తిలో నూటికి 36 పాళ్ళు వెనక్కు తిరుగుతుంది. టీవీ దగ్గర తిరిగినది మేడమీదికి పోయి, అక్కడా అదే తంతు గనుక మళ్ళీ తిరిగి, ఆలస్యంగా కిందికి వస్తుంది. ఎంత ఆలస్యం? మా తీగ 50 మీటర్లు. ఎక్కి దిగేసరికి 100. ఆ తీగలో తరంగం వెలుతురు వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో నడుస్తుంది కనుక అర మైక్రోసెకను పడుతుంది, అంటే సెకనులో 20 లక్షలవ వంతు. ఇది కూడా ఒక ఆలస్యమేనా అనకండి. టీవీ అడ్డంగా ఒక గీత గీయడానికి పట్టేదే 52 మైక్రోసెకన్లు. 40 సెంటీమీటర్ల వెడల్పు తెరమీద అర మైక్రోసెకను అంటే నాలుగు మిల్లీమీటర్లు. రాముడికి కుడిపక్కన నాలుగు మిల్లీమీటర్ల దూరంలో పలచగా ఇంకో రాముడు!

"లక్ష్మణుడు ఎప్పుడూ వెంటే ఉంటాడు, సరే. ఈ రెండోవాడు ఎవడురా?" అన్నది మా నాయనమ్మ. అందరికీ నవ్వొచ్చింది గాని ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆవిడ మాత్రం అది తన కళ్ళ శుక్లాల మహిమే అనుకుని, వచ్చే ఆదివారం నుంచి తెరకు వీపుపెట్టి కూర్చుని వినడం మొదలుపెట్టింది. ఇంట్లో మిగతావాళ్ళు పలనాటి కొండల మీదికి నెట్టారు. కొండలు తగిలి తిరిగివచ్చే బొమ్మలు నిజంగానే ఉంటాయి. కాని వాటి దూరం మిల్లీమీటర్లలో ఉండదు. మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి వచ్చిన తరంగం పది మైక్రోసెకన్లు వెనకపడుతుంది. అంటే తెరలో అయిదోవంతు అవతల కనపడుతుంది. ఇంత దగ్గరగా అంటిపెట్టుకుని ఉన్న నీడ కొండది కాదు, కొంపలోదే. టెలిఫోన్ల శాఖలో పనిచేస్తూ సెలవులకు వచ్చిన నేను రెండు బాలన్లు తెచ్చి, పైన ఒకటి, కింద ఒకటి పెట్టించాను.

ఈ బాలన్ ఉన్నదే, బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా. విప్పిచూస్తే లోపల పంది ముక్కులాగా రెండు కన్నాలున్న నల్లటి ఫెర్రైటు ముక్క, దాని చుట్టూ వెంట్రుకంత రాగితీగ నాలుగైదు చుట్లు, అంతకు మించి ఏమీ ఉండదు. ఒకవైపు చుట్లకు రెండోవైపు చుట్లు రెండింతలైతే ఇంపెడెన్సు నాలుగింతలవుతుంది. 75 నాలుగింతలు 300. అదే పనిని ఇంకోరకంగానూ చేయవచ్చు. 50కీ 75కీ మధ్య 61 ఓముల తీగ ముక్కను, సరిగ్గా తరంగంలో పావువంతు పొడుగు కోసి పెడితే, తిరిగివచ్చేవి రెండూ ఒకదానినొకటి కొట్టేసుకుని పోతాయి. చూడముచ్చటైన ఉపాయమే. అయితే అది ఒక్క స్టేషనుకు కుదిరితే ఇంకోదానికి కుదరదు. ముహూర్తానికి మాత్రం వచ్చి, కాపరంలో పేచీ వస్తే కనపడని పెళ్ళిపెద్ద వంటిది. నాలుగు స్టేషన్లూ ఒకే తీగలో వచ్చే రోజులకు ఫెర్రైటు మధ్యవర్తే కావాలి. అందుకు దారి వేసినవాడు స్విట్జర్లాండులో గ్వానెల్లా, 1944లో. అమెరికాలో బెల్ సంస్థలో రుత్రాఫ్ 1959లో దానిని ఇంకా విస్తరించాడు. వారిద్దరి పేర్లూ మా నాయనమ్మకు తెలియవు. రెండో రాముడు మాయమైన ఆదివారం ఆవిడ మళ్ళీ తెరవైపు తిరిగి కూర్చున్నది.

ఇక దొంగతనం కథ. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. అదే ఏడు జెమినీ కూడా వచ్చింది. తెలుగు సీరియళ్ళు ఇంటికి వచ్చేసరికి యాంటెన్నాలను దింపేసి కేబులు పెట్టించుకోని ఇల్లు లేకపోయింది. మా వీధికి ఒక లావుపాటి తీగ వచ్చి ఇంటింటి చూరు కింద నుంచీ నడిచేది. మరుసటి ఏడు వీధి మధ్యన సందులో ఉండే ఒకావిడ, విస్తళ్ళు కుట్టుకుని బతుకుతూ ఇద్దరు పిల్లలను చదివించుకునే మనిషి, పాత టీవీ ఒకటి కొని తనూ కనెక్షను తీసుకుంది. ఆ వారమే వీధిలో అందరి బొమ్మకూ నీడలు పడ్డాయి.

లోకం ఎట్లా ఆలోచిస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ఒక కనెక్షను డబ్బిచ్చి గోడ అవతల తమ్ముడింటికి దొంగతనంగా ఇంకో తీగ లాగిందన్నారు. లాగలేదని తమ్ముడి ఇల్లు చూసినవాళ్ళు చెప్పినా వినలేదు. ఎరువుల కొట్టు ఆసామి అందరికంటే పెద్దగొంతుకతో అన్నాడు. అప్పటిదాకా ఆవిడను వదినా, అక్కా అని పిలిచినవాళ్ళు "ఆమె" అనడం మొదలుపెట్టారు. కేబులాయన వచ్చి ఆవిడ గుమ్మం దగ్గర తీగ కోసి, చుట్టచుట్టి చూరుకు వేలాడదీసి పోయాడు. విచిత్రమేమంటే వీధి బాగుపడలేదు సరిగదా, ఆవిడ ఇల్లు దాటిన తరవాత ఇళ్ళల్లో కొన్ని ఛానళ్ళు పూర్తిగా పోయాయి. కొన్ని మాత్రం నిక్షేపంగా వస్తున్నాయి. దానితో కక్షగట్టి ఏదో చేసిందన్న మాట కూడా పుట్టింది.

ఒకనాటి సాయంత్రం ఆవిడ మా అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డది. "అన్నయ్యా, నెల నెలా డబ్బు కట్టా. దొంగ అన్నారు, పడ్డా. ఇప్పుడు తీగ కోసి పారేసినాక కూడా నేనే చెడగొడతన్నా నంటన్నారు. కోసిన తీగతో నేనేం చెయ్యగలనో నువ్వన్నా చెప్పు."

చదువుకున్న ఇంజనీరు అడగవలసిన ప్రశ్న అది. కోసిన తీగే చేస్తుంది. కేబులు కుర్రవాడు, పదహారేళ్ళవాడు, అతుకు దగ్గర వీధి తీగను చెక్కి ఆవిడ తీగను దానికి మెలిపెట్టి నల్లటేపు చుట్టాడని నాకప్పుడే తోచింది. వాడిననడానికి లేదు, ఎట్లా కలపాలో వాడికి ఎవరూ చెప్పలేదు. వచ్చే తీగ 75. ముందుకు పోయే తీగ 75, సందులోకి పోయేది 75. రెండూ పక్కపక్కన చేరితే వచ్చేవాడికి ఎదురుగా కనపడేది 37న్నర. జోడు చెడింది. శక్తిలో తొమ్మిదోవంతు వెనక్కు. అదీ మొదటి నీడ. తరవాత ఆవిడ గుమ్మం దగ్గర కోసేసరికి, సందులోకి దూరిన తరంగానికి తాగేవాడు లేక, కొసదాకా పోయి మొత్తం వెనక్కు తిరిగింది. తూము మూసేసిన పిల్లకాలవలో నీళ్ళు తన్నుకువచ్చినట్టు. ఆ వేలాడే ముక్క పొడుగు ఏ తరంగంలో పావువంతుకు సరిపోతుందో, ముప్పావుకు, ఒకటింపావుకు సరిపోతుందో, ఆ తరంగాలకు అతుకు దగ్గర అడ్డుకట్ట పడ్డట్టే. ఆ ఛానళ్ళు చచ్చిపోతాయి, తక్కినవి బతుకుతాయి.

మర్నాడు పొద్దున్నే కుర్రవాణ్ణి నిచ్చెన ఎక్కించాను. అనుకున్నదే. టేపు విప్పితే చిలుముపట్టిన మెలిక. సందు తీగను ఊడదీసి వీధి తీగను సూటిగా అతికించాడు. నిమిషంలో ఇళ్ళల్లోంచి "వచ్చింది, వచ్చింది" అని కేకలు. నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఎందుకంటే ఎరువుల కొట్టు ఆసామి అప్పటికే గుమ్మంలోకి వచ్చి, "చూశారా మరి! ఆమె తీగ తీస్తే బాగైంది" అన్నాడు.

నిజమే గదా, చూసేవారికి అది రుజువే. దాన్ని అక్కడ వదిలేస్తే ఆవిడ జన్మంతా దొంగే. "ఇంకో గంట టీవీలు ఆపకండి బాబూ" అని అందరినీ బతిమాలుకుని, గుంటూరు నుంచి తెప్పించిన ట్యాపు డబ్బాను ఆ అతుకు దగ్గర పెట్టించాను. అగ్గిపెట్టంత లోహపు డబ్బా అది. వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ముందుకు పంపి, చిటికెడు ఇంటికి వదిలి, మూడు మూతులకూ 75 తప్పకుండా కాపలా కాస్తుంది. దానికి ఆవిడ తీగ మళ్ళీ కలిపించాను. ఆవిడ ఇంట్లో టీవీ వెలిగింది. వీధిలో బొమ్మ చెక్కుచెదరలేదు. అంతటితో ఊరుకోకుండా ఎరువుల కొట్టు ఆసామి ఇంటి తీగను పాత పద్ధతిలో వీధి తీగకు మెలిపెట్టించాను. నీడలు తిరిగివచ్చాయి. ఈసారి ఆయన ఇంటి నుంచి! నలుగురూ ఆయనవైపు చూశారు. ఆయన మాట్లాడలేదు, కాసేపు నిలబడి లోపలికి పోయాడు. ఆయన ఇంటికీ ఒక డబ్బా పెట్టించి, వీధి చివర తీగకు మూతిలో 75 ఓముల రెసిస్టరు బిగించి వచ్చాం. చివరిదాకా వచ్చిన తరంగాన్ని మింగి ఊరుకోవడమే దాని పని. కొన్ని రూపాయల వస్తువు.

క్షమించమని ఎవరూ అడగలేదు. మన ఊళ్ళల్లో ఆ అలవాటు లేదు. మూడోనాడు ఎరువుల కొట్టు ఆయన భార్య గిన్నెడు గోంగూర పచ్చడి తీసుకుని సందులోకి పోయి "వదినా" అని పిలిచిందిట. ఈవిడ పచ్చడి తీసుకున్నది. కాని పైనెల కేబులాయన డబ్బుకు వచ్చినప్పుడు, తీగ కోసి ఉంచిన రోజులు లెక్కగట్టి అంతకు అంతా తగ్గించి చేతిలో పెట్టింది. ఆయన మారుమాట లేకుండా పుచ్చుకుని పోయాడు.

ఆ తరవాత ఆదివారం వీధి పొడుగునా కొలిచి చూద్దామని గుంటూరులో ఒక కాలేజీలో పనిచేసే స్నేహితుడి దగ్గర కొలత పెట్టె తెచ్చాను. దాని మూతి 50! ఉన్నదున్నట్టుగా తగిలిస్తే మునిగిపోయేదేమీ లేదు, తిరిగిపోయేది నూటికి నాలుగు పాళ్ళే. బొమ్మ చూసుకునేవాళ్ళు దానికోసం బెంగపెట్టుకోవడం శుద్ధ చాదస్తం అని నా అభిప్రాయం. కాని తూకం వేసేటప్పుడు త్రాసే అబద్ధమాడకూడదు గదా. 75 వైపు నుంచి వరసలో 43 ఓములు, 50 వైపు అడ్డంగా 87 ఓములు పెడితే అటు చూస్తే 75, ఇటు చూస్తే 50 కనపడతాయి. ఏ ఛానలుకైనా ఒకటే తీర్పు; అంత నిష్పాక్షికమైన మధ్యవర్తి ఇంకోడు లేడు. ఒక్కటే లోపం: చేతికిచ్చిన శక్తిలో ముప్పాతిక భాగం దాకా తనే తినేస్తాడు. ఇటువంటి తగవు పెద్దలను మీరూ ఎరిగే ఉంటారు. ఇంకొక జాగ్రత్త, వైర్లెస్సువాళ్ళు వాడే ఎన్ కనెక్టరు అనేదానిలో 75 రకానికి నడిమి సూది సన్నం, 50 రకానికి లావు. పైకి ఒకటేలాగుంటాయి. లావు సూదిని సన్న రంధ్రంలోకి దూర్చారా, ఆ కనెక్టరు పని అయిపోయినట్టే.

మన ఇళ్ళల్లో నీడ పడితే నవ్వుకోవచ్చు. అన్నిచోట్లా నవ్వులాట కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో ఆకాశంలోని గాలుల నడకను కనిపెట్టే రాడారు ఉన్నది. 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జుల మీద, 32 ట్రాన్స్‌మిటర్లు కలిసి ఒక్కొక్క విసురులో 25 లక్షల వాట్లు పైకి వదిలేటట్టు దానిని కట్టారు. నేను చాదస్తమన్న ఆ నూటికి నాలుగు పాళ్ళే అక్కడ వెనక్కు తిరిగితే లక్ష వాట్లు! అది పోయి తగిలేది పంపించిన యంత్రానికే. అంచేత అక్కడ ప్రతి అతుకూ పెళ్ళిచూపులంత పట్టింపుగా చూసుకోవలసిందే.

సెట్‌టాప్ బాక్సులు వచ్చినతరవాత నీడ బొమ్మలు వెళ్ళిపోయాయి. అంకెలుగా మారిన బొమ్మకు నీడ పడదు. అతుకు మరీ చెడితే గళ్ళుగళ్ళుగా చిట్లి, రాతిబొమ్మలాగా నిలబడిపోతుంది. ఇప్పటి పిల్లలకు రెండో రాముడంటే ఏమిటో తెలియదు.

కిందటేడు మా ఇంటికి ఫైబరు పెట్టించుకున్నాం. బిగించడానికి వచ్చినవాడు ఆనాటి నిచ్చెన కుర్రవాడే. ఇప్పుడు నలభై దాటి, తలలో తెల్లవెంట్రుకలు, చేతికింద నలుగురు. "బాబాయ్, ఇది చూడు" అని పచ్చరంగు మూతి ఒకటి నా అరచేతిలో పెట్టాడు. గాజుపోగు కొసను నిటారుగా కాకుండా ఎనిమిది డిగ్రీల ఏటవాలుగా చెక్కారు దానిలో. "ఎందుకంటావు?" అని నన్నే పరీక్ష పెట్టాడు. నేను ఆలోచించే లోపలే తనే చెప్పేశాడు: అతుకు దగ్గర కాస్త వెలుతురు ఎట్లాగూ వెనక్కు తిరుగుతుందిట, కొస ఏటవాలుగా ఉంటే అది వచ్చిన దారినే పోకుండా పక్కకు చెదిరిపోతుందిట. నీలంరంగు మూతి నిటారుగా ఉంటుందిట, దానికి దీన్ని కలపకూడదుట. చెప్పి, మూతిని మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో గుచ్చి, దీపం పచ్చబడిందాకా నిలబడి చూసి, కిందకు దిగి కాఫీ అడిగాడు.